గ్లాసులో పిట్టలు

పోయిన మంగళవారం ఆంటీ కూతురు ఫోన్ చేసింది. "అమ్మ పొద్దున్న వెళ్లిపోయింది అన్నయ్యా. నిద్రలోనే, నో పెయిన్" అంది. తర్వాత ఆవిడ గురించి మాట్లాడుకుంటూ ఇద్దరం రెండుసార్లు నవ్వాం. ఆంటీని తలుచుకుంటే ఎవరికైనా అంతే.

ఐటీ ఉద్యోగాల వెల్లువలో నేను సింగపూర్ వచ్చి, ఆంగ్ మో కియోలో అద్దెకు దిగినప్పుడు ఆవిడది పక్క ఫ్లాట్. ఓడల కంపెనీలో గుమస్తా. దక్షిణ అమెరికా రేవుల నుంచి వచ్చే ఉత్తరాల కోసం స్పానిష్ నేర్చుకుని, ఆ భాషలో రాసిన ఓ తొలితరం ఆధునిక కవి మీద మనసు పడ్డారు. ఆ కవి మిత్రులతో కాఫీ హోటల్లో కూర్చుని అంత్యప్రాసల్ని వెళ్లగొట్టాడట. "ఆయనకో బృందం ఉండగా నాకెందుకు ఉండకూడదు?" అని నాతో సహా నలుగురు ప్రోగ్రామర్లను పట్టుకున్నారు.

శనివారం సాయంత్రాలు మా బ్లాకు కింది హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్యే, సమావేశం. అందరూ టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసి తమదని ఖాయం చేసుకుంటే, ఆవిడ లావుపాటి నిఘంటువు పెట్టేవారు. మా చూపులు నూడుల్స్ వైపు తిరిగితే, "మకాన్ తర్వాత, తిండికేం తొందర. ముందు కవిత" అనేవారు.

ఓ వారం తన అనువాదం వినిపించారు: "గ్లాసులో పిట్టలు పాడుతున్నాయి." మేం ఊగిపోయాం. ఆధునికత అంటే ఇదీ అన్నాను నేను. గ్లాసంటే నగరం, పిట్టలంటే మనం అని ఒకడు వ్యాఖ్యానం కూడా చెప్పాడు. ఉగాది సభలో చదవాల్సిందేనని పట్టుబట్టాం.

సభకు ముందురోజు శనివారం, మా ఆఫీసులో స్పానిష్ మాతృభాషగా ఉన్న పెరూ ఇంజనీరును సమావేశానికి వెంటబెట్టుకెళ్లాను. మేం చెప్పిన అర్థం విని అతను టీ ఉమ్మేసినంత పని చేశాడు. ఆ స్పానిష్ మాటకు గ్లాసనే కాదు, చెట్టు పైకొమ్మల గుబురు అనీ అర్థం ఉందట. పిట్టలు చెట్టు మీదున్నాయి!

ఏడాదిగా ఆవిడ చెక్కుతున్న కవిత అది. ఆంటీ మొహం ఎర్రబడింది. కాసేపటికి బల్ల పట్టుకుని, కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వారు. "తప్పు నాదే, సరే. మరి మీరేవిట్రా, అర్థం కానిదాన్ని అంతలా మెచ్చుకున్నారు? తెలియకపోతే తెలియలేదని చెప్పండి. మిమ్మల్ని కూర్చోబెట్టుకుంది అందుకే!"

మర్నాడు సభలో తన తప్పు గురించే ముందు చెప్పి, అందర్నీ నవ్వించి, పిట్టల్ని చెట్టెక్కించారు. సోమవారం మీటింగులో నేను మొదటిసారి చెయ్యెత్తి, నాకర్థం కాలేదన్నాను. మేనేజరుకీ కాలేదని తేలింది. ఆ ధైర్యం ఆవిడ పెట్టిన భిక్ష.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ శనివారమే. స్పానిష్‌ను ఆవిడ కాగితం మీద చూడటమే గాని మనిషి నోట ఎన్నడూ వినలేదు. తన ఉత్తరాల స్పానిష్‌లో ఆ పెరూ ఇంజనీరును కవిత మొత్తం చదవమని అడిగారు. సరుకు త్వరగా పంపమన్నంత మర్యాదగా ఉందని అతను తర్వాత నాతో అన్నాడు! అతను లేచి నిలబడి చదివాడు. చుట్టూ ప్లేట్ల చప్పుడు, ఆర్డర్ల కేకలు. ఆంటీ కళ్లు మూసుకున్నారు. అతని గొంతు వెనకాలే, ఒక్క మాట ఆలస్యంగా, ఆవిడ పెదాలు కదులుతున్నాయి.