మాస్టారి వంకర పళ్ళు

వాడికి ఆ పేరు పెట్టింది వాళ్ళక్క. 'నలభై రోజులు' అని. ఊరికే పెట్టలేదు, క్యాలెండరు చూసి మరీ పెట్టింది. గిటారు కొన్న రోజు నుంచి దాన్ని గోడకి తగిలించిన రోజు దాకా సరిగ్గా నలభై. వేణువు ముప్ఫై ఎనిమిది. వయొలిన్ నలభై ఒకటి, అందులో మూడు రోజులు జ్వరం. కీబోర్డు ఒక్కటే గోడకెక్కలేదు. దాని బరువుకి మేకు ఆగలేదు కాబట్టి మంచం కిందకి చేరింది. అమ్మ వారానికోసారి ఆ గోడంతా దులిపేది. దులిపేటప్పుడు గిటారు తీగ మీద గుడ్డ తగిలి ఏదో ఒక మోత వచ్చేది. ఆ ఇంట్లో ఆ వాయిద్యాలు పలికింది ఎక్కువగా ఆవిడ చేతిలోనే.

నేర్చుకోవడం ఎప్పుడు ఆపేస్తాడంటే, అప్పటిదాకా సరదాగా ఉన్నది కష్టం కావడం మొదలైన రోజున. వేళ్ళు బొబ్బలెక్కగానే వాడికి ఆ వాయిద్యంలో లోపాలు కనిపించేవి. "దీని రేంజ్ చిన్నదక్కా" అనేవాడు, పెద్ద అనుభవజ్ఞుడిలా. అక్క నవ్వు ఆపుకోడానికి వంటింట్లోకి పోయేది.

పోనీ మానేసినవాడు ఊరుకుంటాడా అంటే, ఊరుకోడు. పాటలు కడతాడు. వాయించేది కూలిపని, కట్టడమే అసలు పని అని వాడి గట్టి నమ్మకం. ఇరవై నాలుగేళ్ళకే నలభై ఏడు బాణీలు కట్టేశాడు, అన్నీ కంప్యూటర్లోనే. 'అనంతం, మూడో భాగం' అని ఒకదానికి పేరు. మొదటి రెండు భాగాలు ఏవిరా అంటే వాటి అవసరం రాలేదన్నాడు. ఆ కంప్యూటర్లో వాడికి ప్రాణమైన మీట ఒకటి ఉంది. తాళం వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే అది నొక్కితే చాలు, స్వరాలన్నీ గీత గీసినట్టు వరసలో నిలబడతాయి. వాడు ప్రతి పాటకీ అది నొక్కేవాడు. అందుకే వాడి పాటల్లో తప్పనేది వినిపించదు. ఇంకేమీ కూడా వినిపించదు.

ఏం చేస్తుంటావని ఎవరైనా అడిగితే "కంపోజర్ని" అనేవాడు. వాడికి అన్నం పెట్టే పని వేరే. పళ్ళ ఆసుపత్రి మేడ మీద చిన్న గదిలో కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. కింద డాక్టరు నోటి కొలత తీసి పంపుతాడు. వీడు దాంట్లో ప్లాస్టరు పోసి అచ్చు తీసి, మైనం మీద పన్ను తర్వాత పన్ను అమరుస్తాడు. జుట్టు నిండా తెల్లటి పొడి, ముక్కులో మైనం వాసన. ఆ పనిలో వాడి చెయ్యి ఎంత మంచిదంటే, వాడు చేసిన సెట్టు పెట్టుకుని జనం మొదటి రోజే అన్నం తినేవాళ్ళు. డాక్టరు రెండుమూడుసార్లు మెచ్చుకున్నాడు కూడా. వాడికది చిన్నతనంగా ఉండేది. పళ్ళ సంగతి స్నేహితుల దగ్గర ఎత్తేవాడే కాదు.

తొమ్మిదో వాయిద్యం క్లారినెట్. దానికోసం పట్టణ బ్యాండులో ముప్ఫై ఐదేళ్ళుగా మొదటి కుర్చీలో కూర్చుని వాయిస్తున్న మాస్టారి దగ్గరికి వెళ్ళాడు. ఆదివారం పొద్దున్నే పార్కులో ఆ బ్యాండు కచేరీ జరుగుతుంది. మాస్టారికి భార్య పోయాక ఉన్నది ఆ ఒక్క కుర్చీ. వారమంతా ఆయన బతికేది ఆ రెండు గంటల కోసమే, అది దాచుకునేవాడు కూడా కాదు.

మాస్టారు వాడిచేత నెలరోజులు ఒకే స్వరం ఊదించాడు. ముప్ఫై ఏడో రోజున మనవాడు పెదవి వాచిందని చెప్పి, మర్నాడు క్లారినెట్ బదులు కాగితాలు పట్టుకొచ్చాడు. మాస్టారి కోసమే కట్టిన పాటట, బ్యాండులో ఆయన వాయించాలట, తను వీడియో తీసి లోకానికి చూపిస్తాడట. మాస్టారు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"బానే ఉందిరా. ఎక్కడికో పోదామని బయల్దేరి, తాళంచెవి మర్చిపోయి వెనక్కొచ్చినట్టుంది. సర్లే, వాయిస్తాను."

మొదటి సగం మనవాడికి వినపడలేదు. వాయిస్తానన్న మాట మాత్రం వీధంతా చెప్పుకున్నాడు.

ఈలోపు మాస్టారి పైపళ్ళు కదలడం మొదలెట్టాయి. తీసెయ్యాలన్నాడు డాక్టరు. తీసేముందు జాగ్రత్తగా పాత పళ్ళకి కొలత తీసి, చిగుళ్ళు మానాక ఇంకో కొలత తీసి, రెండూ మేడ మీదకి పంపాడు. పైన చీటీ పెట్టాడు: పాత అచ్చు ప్రకారమే అమర్చాలి, ఈయన వాద్యకారుడు.

వాడు పాత అచ్చుని వెలుతురులో తిప్పి చూశాడు. ముందు పళ్ళు రెండూ వంకర. ఒకటి లోపలికి ఒదిగి ఉంది, రెండోది దాని మీదకి వాలింది. రెండింటి అంచునా చిన్న గాడి, ఎవరో ఆకురాయితో గీసినట్టు. వీడియోలో ఈ నోరు దగ్గరగా కనిపిస్తుందే అని వాడికి బెంగ పట్టుకుంది. పాట తనది. ముఖం ఆయనది. ముఖం బాగుండొద్దూ?

అందుకని ముత్యాల్లాంటి పళ్ళు ఏరి, గీత గీసినట్టు వరసలో నిలబెట్టాడు. చీటీ చెత్తబుట్టలోకి పోయింది. పాత అచ్చుని ఇంటికి పట్టుకుపోయి, పాటల కాగితాలు ఎగిరిపోకుండా బరువుకి పెట్టుకున్నాడు. కళాకారుడి బల్ల మీద ఒక దవడ ఉంటే అందంగా ఉంటుందనుకున్నాడు కాబోలు.

మాస్టారు కొత్త పళ్ళతో అద్దంలో చూసుకుని సంబరపడ్డాడు, పెళ్ళికొడుకులా ఉన్నానన్నాడు. ఇంటికెళ్ళి క్లారినెట్ నోట పెట్టుకున్నాడు. కీచుమంది. మళ్ళీ ఊదాడు, మళ్ళీ కీచుమంది. పైపళ్ళు క్లారినెట్ కొసని గట్టిగా పట్టి ఉంచాలి, కింద పెదవి సన్నటి రెల్లు పలకని ఆనుకోవాలి. అప్పుడే శబ్దం నిలుస్తుంది. ఇక్కడ పట్టే జారిపోతోంది. డాక్టరుకి చెబితే, రోగుల రద్దీలో చిగుళ్ళ పట్టు మాత్రమే చూసి, పళ్ళు బాగా కూర్చున్నాయి, అలవాటు కావాలన్నాడు. అక్కడే ఉన్న మనవాడికి చెత్తబుట్టలో పడేసిన చీటీ గుర్తొచ్చింది. అప్పుడైనా నోరు విప్పాడా? విప్పలేదు. నీళ్ళు నమిలి, చివరికి అన్నాడు:

"సాధన చెయ్యాలి మాస్టారూ. వచ్చేస్తుంది."

మాస్టారు తలూపాడు. నెలన్నరపాటు రోజూ పొద్దున్నే కూర్చుని ఊదాడు. పక్కింటి వాళ్ళు కిటికీలు మూసుకున్నారు. బ్యాండు పెద్దాయన మంచివాడే, నెలాఖరు ఆదివారం వినిపించండి, కుదరకపోతే కుర్చీ ఇంకొకరికి ఇవ్వక తప్పదని మర్యాదగానే చెప్పాడు. ఇంకా పన్నెండు రోజులు ఉండగానే మాస్టారు చేతులెత్తేశాడు. పెట్టెతో సహా క్లారినెట్ తెచ్చి వాడి చేతిలో పెట్టాడు.

"ఊపిరి అయిపోయిందిరా నాకు. నువ్వైనా ఉంచుకో. అప్పుడప్పుడూ తుడుస్తూ ఉండు."

వాడు తీసుకున్నాడు. సిగ్గులేకుండా తీసుకుని, ఇంటికొచ్చి, గోడకి మేకు కొట్టడానికి సుత్తి వెతికాడు. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇది నువ్వు మానేసింది కాదురా," అంది. "ఆయన చేత మాన్పించింది."

అక్కకి పళ్ళ సంగతి తెలియదు. పాట కోసం ముసలాయన్ని వేధించి ఉంటాడని అలా అంది. కానీ ఆ మాట పోయి తగలాల్సిన చోటే తగిలింది. వాడు సుత్తి కింద పెట్టి, పెట్టె తెరిచాడు. క్లారినెట్ కొసన, నోట్లో పెట్టుకునే నల్లటి ముక్క మీద, రెండు గుంటలు. ఒకటి లోతు, ఒకటి పక్కకి. ముప్ఫై ఐదేళ్ళ పంటి గాట్లు. బల్ల మీది ప్లాస్టరు దవడ తీసి ఆ ముక్క మీద ఆనించాడు. లోపలికి ఒదిగిన పన్ను లోతు గుంటలో కూర్చుంది. దాని మీదకి వాలిన పన్ను పక్క గుంటలో కూర్చుంది. గాడి అంచుకి సరిపోయింది. ఎంత కదిపినా కదలలేదు. ఆ నోరూ ఆ వాయిద్యమూ ఒకదాన్నొకటి అరగదీసుకుని అలా తయారయ్యాయి. వాడు దాన్ని ఒక్క మధ్యాహ్నంలో సరిదిద్దేశాడు.

ముప్ఫై ఏడు రోజులు ఆ వాయిద్యం ఊది కూడా పళ్ళెందుకో తెలుసుకోని వెధవ తనే. వాడిని వాడు తిట్టుకోవడం అదే మొదలు. ఆలస్యంగానే మొదలెట్టాడు.

మర్నాడు పొద్దున్నే క్లారినెట్ పెట్టె పట్టుకెళ్ళి మాస్టారికి చెప్పాడు. తప్పు మీ ఊపిరిది కాదని, పాత అచ్చు ప్రకారం చెయ్యమన్నా తను వరసగా పెట్టానని.

"ఎందుకూ?" అన్నాడు మాస్టారు.

"వీడియోలో బాగుంటాయని."

మాస్టారు నెమ్మదిగా పళ్ళ సెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. బోసినోటితోనే మాట్లాడాడు.

"నెలన్నర. రోజూ లేచి, ఒరేయ్ ముసలాడా నీ పనైపోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. నువ్వు ఎదురుగా కూర్చుని సాధన చెయ్యమన్నావు. నాకు. సాధన చెయ్యమని. నువ్వు."

వాడి తల తీసేసినట్టయింది. డాక్టరు దగ్గరికి పోయి అదే మాట ఇంకోసారి చెప్పి, అక్కడా నాలుగు చీవాట్లు తిని, మైనం, ఆకురాయి, పాత అచ్చు పట్టుకుని మాస్టారి ఇంటికి తిరిగొచ్చాడు.

మాస్టారు రానిచ్చాడు. పలకరించలేదు. ప్రతిరోజూ పని కాగానే వాడు వచ్చి నేల మీద కూర్చునేవాడు. మాస్టారు మైనంలో కుదిర్చిన పళ్ళు పెట్టుకుని, మెల్లగా ఆనించి, ఒకే స్వరం ఊదేవాడు. నెలరోజులు వాడిచేత ఊదించిన స్వరమే. కీచుమంటే సెట్టు తీసి వాడి చేతిలో పెట్టేవాడు. వాడు పన్నుని సూది మొన అంత లోపలికి నెట్టేవాడు. మళ్ళీ స్వరం. ఆరో రోజుకి శబ్దంలో పట్టు చిక్కిందని వాడికే ముందు తెలిసింది. కుడిపక్క కొంచెం వణుకుతోంది మాస్టారూ అన్నాడు. మాస్టారు వాడి వైపు వింతగా చూశాడు. వీడికి చెవులున్నాయని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. తొమ్మిదో రోజున మైనం తీసేసి గట్టి సెట్టు పోశాడు. పదో రోజున అంచు మీద గాడి గీశాడు, ఒక్కో గీతకీ ఒక్కో స్వరం వింటూ. పదకొండో రోజు సాయంత్రం మాస్టారు ఊదిన స్వరం నిలబడింది. ఆయన ఊపిరి ఎంతసేపుందో అంతసేపూ నిలబడింది. పక్కింట్లో ఎవరో కిటికీ తెరిచారు.

ఆదివారం వాడు పార్కుకి కెమెరా తీసుకెళ్ళలేదు. తన పాట ఎత్తనూ లేదు, మాస్టారు అడగనూ లేదు. బ్యాండు ఎప్పుడూ వాయించేవే వాయించింది. మాస్టారు మొదటి కుర్చీలో కూర్చుని, ఒకచోట తాళానికి వెంట్రుకవాసి వెనక నడిచాడు, అక్కడ జనం మాటలాపి విన్నారు. మన కంపోజర్ కూడా విన్నాడు. తన మీట నొక్కితే ముందు పోయేది అదేనని వాడికి తెలిసొచ్చింది.

కచేరీ అయ్యాక బ్యాండు పెద్దాయన వచ్చి మాస్టారి భుజం తట్టాడు. పక్కనున్న వాడిని చూసి, మీ శిష్యుడా అని అడిగాడు.

"శిష్యుడేం కాదు. ముప్ఫై ఏడు రోజులొచ్చి పోయాడు," అన్నాడు మాస్టారు. వేలితో పైపెదవి ఎత్తి చూపించాడు. "ఇవి చేసింది వీడే."

పెద్దాయన కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశాడు.

"కాస్త వంకరగా ఉన్నట్టున్నాయే?"

"అవునండీ," అన్నాడు వాడు. "అలాగే ఉండాలి."