మొగ్గలు విచ్చుకోవలసిన ఆదివారం

మొక్కలక్క ఆ కాలనీలో పనికి చేరి పదకొండేళ్ళయింది. పొద్దున ఆరింటికి వెనక గేటులోంచి లోపలికి వచ్చి, పంపు గదిలో చెప్పులు విడిచి, నీళ్ళ గొట్టం భుజాన వేసుకుని బయల్దేరిందంటే మళ్ళీ నాలుగింటిదాకా నడుము ఎత్తేది కాదు. అరవై చెట్లు, ఏడు వందల మొక్కలు, ఒక్క మనిషి. వాటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా తినడానికి పనికొచ్చేది కాదు. అది ఆమె తప్పు కాదు, కాలనీ సంఘం పెట్టిన నియమం. తినే కాయలుగానీ, పండ్లుగానీ, కూరలుగానీ ఇచ్చే మొక్క ఆవరణలో ఉండకూడదు. ఎందుకంటే కోతులొస్తాయి.

కోతులుండే గుట్టను సగం తొలిచి కట్టిన కాలనీ అది. అక్కడికి కోతులు వస్తున్నాయేమిటా అని జనం చాలా బాధపడిపోయారు. ముందు జామచెట్లు కొట్టించారు. తర్వాత నేరేడు, ఆ తర్వాత రెండు మామిళ్ళు. అడవి జంతువులంటే వాళ్ళకు ప్రేమ లేదనడానికి వీల్లేదు. పెయింటరును పిలిపించి ముందు గేటు పక్క గోడంతా కోతుల కుటుంబం బొమ్మ వేయించారు. తల్లికోతి, పొట్టకు కరుచుకున్న పిల్ల, కింద "వన్యప్రాణులు మన నేస్తాలు" అని పెద్ద అక్షరాలు. సరిగ్గా ఆ అక్షరాల కిందే వాచ్‌మన్ కుర్చీ. కుర్చీ చేతికి ఉండేలు వేలాడుతూ ఉంటుంది.

పండ్లచెట్లు పోయినచోట పూలచెట్లు తెప్పించారు. అవి రెండేళ్ళకు ఎర్రగా, పచ్చగా విరగబూశాయి. అందరూ కిందికి దిగి ఫోటోలు తీసుకున్నారు. మూడో రోజునుంచి ఫిర్యాదులు. రేకులు కార్లమీద పడుతున్నాయట. తడిస్తే మరకలవుతున్నాయట. పూలు పూయాలి, రాలకూడదు. అందుకని మొక్కలక్క వేసవిలో పొద్దున్నే చీపురుకట్ట పుచ్చుకుని, కార్ల పైకప్పులమీద పడ్డ పూలను ఎవరూ లేవకముందే ఊడ్చేసేది.

ఆమెకు ముందున్న తోటమాలి ప్రహరీ పక్కన బొప్పాయి మొక్క ఒకటి పెట్టాడు. అది ఎవరి కంటో పడింది. సాయంత్రానికల్లా బొప్పాయీ లేదు, అతనూ లేడు. ఈ సంగతి ఆమె పనికి చేరిన మొదటి రోజే వాచ్‌మన్ చెప్పాడు.

అన్నీ తెలిసి కూడా, ఆ ఏడాది వానలు మొదలవగానే ఆమె పంపు గది వెనక ఐదు బెండ గింజలు పెట్టింది. ఎందుకంటే చెప్పడం కష్టం. పొలంలో పుట్టి పొలంలో పెరిగిన మనిషి. ఇన్నేళ్ళు నీళ్ళు పోసిన చేతికి ఒక్క కాయ తగల్లేదు. వంట చెయ్యకుండా పదకొండేళ్ళు గిన్నెలు తోముతూ కూర్చున్నట్టుంది ఆమె ప్రాణానికి. పంపు గది వెనక్కి ఎవరూ రారు. కాయ కనబడితే కదా గొడవ! లేతగా ఉండగానే ఆరింటికే కోసేసి సంచిలో వేసుకుంటే ఎవరికి తెలుస్తుంది?

ఎవరికీ తెలియలేదు. నెలన్నర తర్వాత పంపు చప్పుడు చేస్తోందని కార్యదర్శి స్వయంగా చూడటానికొచ్చేదాకా.

కార్యదర్శి ఏదో పెద్ద ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆఫీసు లేదు గనక కాలనీని ఆఫీసు చేసుకున్నాడు. పంపును చూడబోయి గది వెనక్కి తొంగిచూసి ఆగిపోయాడు. అయిదు మొక్కలు నడుమెత్తున నిలబడి ఉన్నాయి. లేత పసుపు రంగు పువ్వులు, ఒక్కోటి అరచేతంత. మధ్యలో కాటుక దిద్దినట్టు ముదురు ఎరుపు మచ్చ.

"ఏమిటివి?"

మొక్కలక్క గొట్టం వదిలేసి పరుగెత్తుకొచ్చింది. "అయ్యా, అవి మామూలు..."

"మామూలా? మీకన్నీ మామూలే!" ఆయన అప్పటికే సెల్‌ఫోను పువ్వు ముఖానికి పెట్టాడు. ఫోను కాసేపు ఆలోచించి ఏదో చూపింది. "చూశావా? మందార కుటుంబం! చూడగానే అనుకున్నా. ఇంత పెద్ద పసుపు మందారం మన దగ్గరెక్కడిది? విదేశీది. ఏ పక్షో విత్తనం తెచ్చి పడేసుంటుంది."

"పక్షి కాదయ్యా, నేనే..."

"నువ్వు నీళ్ళు పోశావు. మంచిదే. పొయ్యి, పొయ్యి." ఆకును ప్రేమగా నిమిరి, చెయ్యి దురదపెడితే గోక్కుంటూ వెళ్ళిపోయాడు. బెండాకు నూగు మరి, కార్యదర్శి అని చూస్తుందా!

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాట చెబితే ఆమె తోడికోడలు పొట్ట పట్టుకుని నవ్వింది. తోడికోడలు వంట చేసేది ఆ కార్యదర్శి ఇంట్లోనే.

"ఇవాళ ఆయనగారికి నేను వండిపెట్టింది బెండకాయలే అక్కా! రెండుసార్లు వడ్డించుకున్నాడు. 'ఎంత లేతగా ఉన్నాయమ్మా, ఏ కొట్లో తెచ్చావ్' అని మళ్ళీ మెచ్చుకోలు."

"నవ్వకే. నేను నిజం చెబుదామనే అనుకున్నా."

"చెప్పలేదేం?"

"చెప్పనిస్తే కదా! నోరు తెరిస్తే వాళ్ళే మాట్లాడతారు."

"పోనీలే అక్కా. మందారమంటే మందారమే. నీ ఉద్యోగం నిలబడింది. ఆయన్ని పొగుడుతూ ఉండు."

వారం తిరక్కుండానే సంఘం తీర్మానం చేసి పంపు గది వెనక ఇనుప కంచె కట్టించింది. బోర్డు వచ్చింది: "అరుదైన విదేశీ మందారం. గుర్తించినది: కార్యదర్శి. చేతులు వేయరాదు." నగరంలోని కాలనీల మధ్య జరిగే పూలపోటీకి దరఖాస్తు పోయింది. కంచెకు తాళం వేశారు. తాళంచెవి కార్యదర్శి జేబులో.

"మరి నీళ్ళో అయ్యా?"

"బయటనుంచే గొట్టం పట్టు. లోపల కాలు పెట్టావంటే ఊరుకోను. చాలా సున్నితమైన మొక్కలు."

ఇక్కడే చిక్కు వచ్చిపడింది. బెండ మొక్కకు రోజూ కాయ కోస్తూ ఉంటేనే పువ్వు. కోయడం ఆపితే తన బలమంతా గింజల్లోకి దించేసి పూత మానేస్తుంది. పొలం మొహం చూసినవాళ్ళకు ఇదేం రహస్యం కాదు. తాళం పడ్డ నాలుగో రోజుకు కాయలు వేలెడంత అయ్యాయి. ఆరో రోజుకు జానెడు. కొమ్మకొమ్మకూ ఆకాశంలోకి నిలువుగా, కొనలు పైకి పెట్టి నిలబడ్డాయి.

ఏడో రోజు మొక్కలక్క పొద్దున వచ్చేసరికి కంచె చుట్టూ పదిమంది ఉన్నారు. అయిపోయింది, సంచి సర్దుకోవడమే అనుకుంది.

"ఎంత పెద్ద మొగ్గలో!" అంటోంది రెండో అంతస్తు పంతులమ్మ.

"మొగ్గే జానెడుంటే పువ్వు పళ్ళెమంత ఉంటుంది," అన్నాడు ఒక ఇంజనీరు, రెండు చేతులూ చాచి కొలత చూపిస్తూ.

"సరిగ్గా పోటీ రోజుకు విచ్చుకునేలా ఉన్నాయి," అన్నాడు కార్యదర్శి. ఆయన ముఖంలో కన్నతండ్రి కళ ఉంది.

అక్కడున్న పదిమందిలో వారానికి రెండుసార్లయినా బెండకాయ తినని మనిషి లేడు. కానీ వాళ్ళెరిగిన బెండకాయ బుట్టలో పడుకుని ఉంటుంది, సంచిలో ఉంటుంది, కంచంలో ఉంటుంది. కొమ్మ మీద నిలబడి ఉండటం వాళ్ళెప్పుడూ చూడలేదు.

గుర్తుపట్టింది ఒక్క కోతి. గురువారం మధ్యాహ్నం ప్రహరీ దూకి వచ్చి, కంచెమీంచి చెయ్యి జాపి ఒక కాయ తెంపింది. కొరికింది. పీచు తగిలి మొహం చిట్లించి, ఉమ్మేసి, మిగతాది మొక్కలక్క వైపు విసిరి పోయింది. వాచ్‌మన్ ఉండేలు పట్టుకుని పరుగెత్తుకొచ్చేసరికి అది గుట్ట సగం ఎక్కేసింది.

"మొగ్గ పాడుచేసిందే, అక్కా!"

"దాని తప్పేముందిలే తమ్ముడూ. ముదిరిపోయాక పెట్టాం మనం."

శుక్రవారానికి ఆఖరి పువ్వు కూడా రాలిపోయింది. కార్యదర్శి పంపు గదికి వచ్చాడు.

"పువ్వులెందుకు ఆగిపోయాయి?"

"కంచెలోకి వెళ్ళనిస్తే చెబుతానయ్యా. అవి కొయ్యాలి."

"మొగ్గలు కొయ్యాలా? బుద్ధుందా నీకు? నీళ్ళు సరిగ్గా పొయ్యలేదు, అదీ సంగతి. విను. ఆదివారం న్యాయనిర్ణేతలు వస్తారు. ఆ మొగ్గలు విచ్చుకోకపోతే సోమవారం నువ్వు పనికి రానక్కర్లేదు."

నిజం చెబితే కూరమొక్క పెట్టినందుకు ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే బెండకాయ పువ్వుగా విచ్చుకోనందుకు పోతుంది. రెండు రాత్రులు ఆమె ఇదే తిప్పి తిప్పి ఆలోచించింది.

"కాళ్ళమీద పడు అక్కా," అంది తోడికోడలు. "నేనూ అమ్మగారితో చెబుతా."

"ఏమని పడను? బెండకాయను పూయించలేకపోయాను, క్షమించండి అనా?"

ఆదివారం పదింటికి కంచె ముందు కుర్చీలు వేశారు. ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. కాలనీ ఆడవాళ్ళు, మగవాళ్ళు వందమందిదాకా దిగారు. కార్యదర్శి తాళం తీసి, "మొగ్గదశలో ఉన్న అరుదైన..." అని మొదలుపెట్టాడు. ఒక న్యాయనిర్ణేత కళ్ళజోడు సర్దుకుని, "ఇవెప్పుడు విచ్చుకుంటాయి?" అనడిగాడు.

"మా తోటమాలి నిర్లక్ష్యంవల్ల కొంచెం ఆలస్యం..."

అంతవరకు గొట్టం పట్టుకుని వెనక నిలబడ్డ మొక్కలక్క దాన్ని కింద పడేసింది. పోయే ఉద్యోగం ఎలాగూ పోతుంది. చేతగాని మనిషన్న పేరు కూడా మోసుకుని పోవడమెందుకు?

"విచ్చుకోవు బాబూ," అంటూ కంచెలోకి వచ్చింది. "అవి మొగ్గలు కావు. బెండకాయలు. నేనే పెట్టా."

ఎవరో నవ్వారు. "ఏం మాటలవి!" అన్నాడు కార్యదర్శి. "ఫోనులో మందార కుటుంబం అని..."

"కుటుంబం ఒకటే అయ్యుండొచ్చయ్యా. ఇది మాత్రం కూరే."

ఆమె ఒక కాయను పుటుక్కున కోసి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుని, బొటనవేలితో కొన విరవబోయింది. కొన విరగలేదు. రబ్బరులా వంగి మళ్ళీ లేచింది.

"ముదురు!"

ఆ మాట ఎవరన్నారో చెప్పడం కష్టం. ఎందుకంటే అక్కడున్న ఆడవాళ్ళందరి నోటినుంచీ ఒక్కసారే వచ్చింది. ఏళ్ళ తరబడి కూరల బండి దగ్గర నిలబడి కొనలు విరిచి చూసి బేరమాడిన నోళ్ళవి. పంతులమ్మయితే, "వద్దమ్మా, తీసెయ్ తీసెయ్, అన్నీ ముదురే," అని చేత్తో పక్కకు నెట్టేసింది కూడా. తర్వాత తను ఏమందో తనకే అర్థమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. న్యాయనిర్ణేతలు కాగితాలు మడుచుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున కార్యదర్శి ఆమెను సంఘం గదికి పిలిపించాడు. బల్ల వెనక ఆయన, బల్ల ముందు ఆమె. కుర్చీ ఉన్నా కూర్చోమనలేదు.

"రేపటినుంచి రాకు."

"అలాగేనయ్యా. ఎందుకు రావద్దన్నారో రాసివ్వండి."

"రాయడమేమిటి? నోటితో చెబుతున్నాగా."

"నాకు ముందున్నతను నోటిమాటకే వెళ్ళిపోయాడు. ఇంకోచోట పని అడిగితే ఎందుకు మానేశావంటారు. పదకొండేళ్ళు చేశా. కాగితం కావాలి."

ఆయన విసురుగా కలం తీశాడు. సంఘం పేరు, తేదీ రాశాడు. "నియమాలకు విరుద్ధంగా..." అని రాసి ఆగాడు.

"బెండమొక్కలు పెట్టినందుకు అని రాయండి," అందించింది మొక్కలక్క.

ఆయన రాయలేదు. ఆ మొక్కలకు కంచె కట్టమన్న తీర్మానం మీద సంతకం తనది. దరఖాస్తు మీద సంతకం తనది. బోర్డు మీద పేరూ తనదే. కాగితం నలిపి బుట్టలో వేసి ఇంకోటి తీసుకున్నాడు. "మొక్కల సంరక్షణలో నిర్లక్ష్యం..."

"ఏ మొక్కలో కూడా రాయండయ్యా. మందారమో, బెండో. పూత ఆగింది నీళ్ళు లేకా, కాయలు కోయనివ్వకా? అది రాసి సంతకం పెడితే చాలు. మా తోడికోడలు చదివి పెడుతుంది."

రెండో కాగితం కూడా బుట్టలోకి పోయింది. మూడోది తీసుకుని సంఘం పేరు, తేదీ రాశాడు. కిటికీలోంచి ఎవరిదో గొంతు వినబడింది, ముందు పక్క చెట్లకు ఇవాళ ఇంకా నీళ్ళు పడలేదేమని. గోడ గడియారం తొమ్మిది దాటింది.

ఆయన కలానికి మూత పెట్టాడు.

"ముందు ఆ నీళ్ళ సంగతి చూడు," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "కాగితం తర్వాత ఇస్తాను."

"తొందరేం లేదయ్యా," అని మొక్కలక్క గొట్టం భుజాన వేసుకుని వెళ్ళింది.

ఇది జరిగి రెండు వానాకాలాలు గడిచాయి. కాగితం ఇంకా రాలేదు. ఆమె రోజూ వస్తూనే ఉంది.