పడవకు వేసిన గొళ్ళెం

మా అక్కను ఇచ్చిన ఊరు కృష్ణ ఒడ్డున ఉంది. ఆ రేవు పడవ వానాకాలంలో పగిలిపోతే, కొత్తది కొత్తకోటలో చేయించారు. దాన్ని రేవుకు చేర్చడానికి ఒక మనిషి కావాలని బావ శాయిలు కబురు పంపాడు. మగ్గం ఆపి బయలుదేరాను. అరవైల మొదట్లో సంగతి ఇది.

ఆలేరులో పొద్దున రైలెక్కి సికింద్రాబాదులో దిగాను. హైదరాబాదులో బెంగుళూరు రోడ్డు బస్సు దొరికింది. జడ్చర్లలో బస్సు ఆగితే చాయ తాగి, వెంట తెచ్చుకున్న జొన్నరొట్టె తిన్నాను. పక్కనున్న ముసలాయన "మీది దిక్కు వానలు పడ్డయట, కృష్ణ మళ్ళ పొంగుతది" అన్నాడు. పొద్దు గూకేసరికి కొత్తకోట చేరాను. బావ, అతని తమ్ముడు నర్సింలు, నేను వడ్రంగి పాక ముందే పడుకున్నాం.

తెల్లవారి కిరాయి ట్రాక్టరు తెచ్చి, ట్రాలీ మీదికి పడవ ఎక్కించి కొబ్బరితాళ్ళతో కట్టాం. ఊరు దాటి మిట్ట ఎక్కుతుంటే వెనక నడుస్తున్న నర్సింలు కేకేశాడు.

"అన్నా, తాడు గీరుకుంటాంది, ఆపుమను."

ట్రాక్టరు ఆగేలోపే తాడు ఇనుప అంచుకు రాసుకుని తెగింది. పడవ జారి అతని రొమ్ము మీద పడింది. దారిన పోయే లారీలో దవాఖానకు తీసుకుపోయాం. మధ్యాహ్నం కాకముందే ప్రాణం పోయింది.

శవాన్ని ఊరికి చేర్చడానికి ఏ బండివాడూ ఒప్పుకోలేదు. దవాఖాన గోడకు ఆనుకుని కూర్చున్న బావ లేచి, "పడవలనే తీస్కపోదాం" అన్నాడు.

ట్రాక్టరు డ్రైవరు ఖాదర్ కళ్ళు తుడుచుకున్నాడు. "తాడుతోని నేను రాను, శాయిలన్నా. మళ్ళ గట్లయితే నేను బతకలేను."

మనుషుల్ని పిలిచి పడవను మళ్ళీ ట్రాలీ ఎక్కించి, ముగ్గురం కమ్మరి కొలిమికి పోయాం. లారీ కమాను పట్టీ ముక్కను కాల్చి, కొక్కెంలా వంచి, ట్రాలీ ముందు కడ్డీకి బిగించాం. పడవ ముక్కుకు ఇనుప కడెం దిగ్గొట్టాం. కడెం కొక్కెంలో పడ్డాక ఎగిరిపోకుండా పైన ఒక ఇనుప నాలుక, అది లేవకుండా అడ్డంగా చీల, తలుపు గొళ్ళెంలా. నేను పట్టకారు పట్టుకుంటే బావ సమ్మెట కొట్టాడు. మొదటిసారి కుదిపి చూస్తే నాలుక లేచి కడెం ఊడింది. బావ మళ్ళీ కాల్చమన్నాడు.

"జర కూసో, నేను కొడ్త" అన్నాడు కమ్మరి.

"వద్దు. నన్నే కొట్టనీ."

రెండోసారి నలుగురం కలిసి గుంజినా ఊడలేదు.

పడవలో గడ్డి పరిచి నర్సింలును పడుకోబెట్టాం. బావ అతని తల పక్కన కూర్చున్నాడు. నేను ఖాదర్ పక్కన కూర్చుని ప్రతి మిట్టకూ వెనక్కి చూశాను. గొళ్ళెం పట్టు వదలలేదు.

ఊళ్ళో ఎవరికీ ఏమీ తెలియదు. కొత్త పడవ వస్తోందని పసుపు కుంకుమలతో ఎదురొచ్చారు. పళ్ళెం పట్టుకుని ముందు నిలబడింది నర్సింలు భార్య చంద్రమ్మ. బావ పడవలోనుంచి దిగలేకపోయాడు.

ఆ సాయంత్రమే ఏటి ఒడ్డున దహనం చేశాం. మర్నాడు పడవ దింపుతుంటే చంద్రమ్మ వచ్చి గొళ్ళెం మీద చెయ్యి పెట్టింది.

"గిది ముందుగాల పెట్టరాదా, బావా?" అని శాయిలును అడిగింది. తిట్టలేదు, ఏడవలేదు. మా అక్క ఆమెను పట్టుకుని ఇంటికి నడిపించింది.

నేను రోడ్డు దాకా నడిచి హైదరాబాదు బస్సు పట్టుకున్నాను. దారిలో ఏమీ తినాలనిపించలేదు. ఆ రోడ్డు మిట్టపల్లాల రోడ్డు. పడవ తీసుకుపోయేవాళ్ళు ఎవరైనా ఉంటే తాడును నమ్మకండి, బయలుదేరే ముందే కొలిమికి పోండి. నాకు తెలిసింది అంతే.

పక్క సీటులోని పెద్దమ్మ "ఏడికి పోయొస్తున్నవ్, కొడుకా?" అని అడిగింది.

"కృష్ణకు పడవ తీస్కపోయినం."

"మంచిగ చేరిన్రా?"

"పడవ చేరింది" అన్నాను.