సామాన్ల దగ్గర మనిషి

మా ఇంట్లో ఎక్కడికి బయలుదేరినా ముందు తేలాల్సిన విషయం ఒకటుంటుంది. సామాన్ల దగ్గర ఎవరుంటారు? ప్రశ్నయితే అడుగుతారు గానీ జవాబు కోసం ఎవరూ ఆగరు. ఆ జవాబు నేనే. పెళ్ళయిన కొత్తలో ఒక గుడి దగ్గర, ఐదు నిమిషాల్లో వచ్చేస్తామని చెప్పి నన్ను చెప్పుల పక్కన కూర్చోబెట్టి వెళ్ళారు. ఆ ఉద్యోగం అప్పటి నుంచీ రెండు దేశాల్లో సెలవు లేకుండా చేస్తూనే ఉన్నాను.

అమెరికాలో రెడ్‌మండ్ వచ్చాక చెప్పులు పోయి బ్యాక్‌ప్యాకులు, కూలర్లు, జాకెట్లు వచ్చాయి, అంతే తేడా. ఈ దేశంలో జలపాతాలు, లోయలు, వేడినీటి గుండాలు అన్నిటికీ వెళ్ళాం. అన్నిచోట్లా నేను తనివితీరా చూసింది పార్కింగ్ లాట్లని. ఏ పార్కులో బెంచీకి వీపు ఆనించుకునే వీలుంటుందో, ఎక్కడ ఉండదో నన్నడిగితే చెబుతాను.

కిందటి వేసవిలో మా ఊరి నుంచి కనిపించే మంచుకొండకి వెళ్ళాం. మా ఆయన, మా అమ్మాయి మంచు మొదలయ్యే చోటిదాకా ఎక్కారు. నేను కింద పులిహోర డబ్బా, అందరి జాకెట్లు, ముక్కూమొహం తెలియని ఒకావిడ కాస్త చూస్తూ ఉండమని వదిలిపోయిన స్ట్రోలరు పెట్టుకుని కూర్చున్నాను. దిగి వచ్చాక మా ఆయన ఫోన్ తీసి పైన ఎంత బాగుందో చూడమని వీడియో పెట్టారు. చూశాను. రెండు గంటలు డ్రైవ్ చేసి ఆ కొండ దగ్గరికి వెళ్ళి, ఆ కొండని ఫోన్‌లో చూశాను. ఒళ్ళు మండిపోయింది. మోకాళ్ళు ఇంకా మాట వింటుండగానే ఒక్క శిఖరమైనా ఎక్కి, నా కళ్ళతో నేను చూడాలని ఆ రోజే అనుకున్నాను.

ఈ వేసవిలో వీసా స్టాంపింగ్‌కి, అంటే పాస్‌పోర్టుల్లో కొత్త వీసా ముద్ర వేయించుకోవడానికి, హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. దారిలో జపాన్‌లో ఐదు రోజులు ఆగుదామని మా ఆయనే అన్నారు. అమెరికాలోనే ఇంకో మూల అల్ఫారెట్టాలో ఉండే ఆయన స్నేహితుడు, ఆయన భార్య కూడా స్టాంపింగ్‌కే బయలుదేరుతున్నారు కాబట్టి అందరం కలిసి తిరగాలని అనుకున్నాం. వాళ్ళది వరంగల్ వైపు. నేను ఆయన్ని అన్నయ్యగారంటాను, ఆవిడని వదిన అంటాను. నాలుగు రోజులు మీ ఇష్టం, ఒక్క రోజు మాత్రం నాది, ఆ రోజు కొండెక్కాలి అన్నాను. అందరూ వెంటనే సరేనన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నేను వెతికి పట్టుకున్నది జపాన్ ఆల్ప్స్‌లో దాదాపు మూడువేల మీటర్ల శిఖరం. బస్సులో కొండ మొదటిదాకా వెళ్తే, అక్కడి నుంచి రోప్‌వే చాలామటుకు పైకి తీసుకుపోయి ఒక పెద్ద రాతిగిన్నెలాంటి లోయలో దింపుతుంది. అక్కడి నుంచి శిఖరానికి రెండు గంటల నడక. పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోవచ్చు. కిసోకోమగతకే అని దాని పేరు నేను నేర్చుకుని మరీ పలికాను. అన్నయ్యగారు మాత్రం పేరు విన్న మొదటి రోజే దాన్ని కోమా కొండ చేసి, ఎక్కితే కోమాలకు పోతమా ఏంది అని నవ్వారు. ఆ తర్వాత మా అందరికీ అది కోమా కొండే అయింది.

ఇక ఆదివారం ఆదివారం వీడియో కాల్స్ మొదలయ్యాయి. నా తల ప్రాణం తోకకొచ్చిందంటే నమ్మండి. అన్నయ్యగారికి ఫుజీ కావాలి. ఎక్కితే పేరున్న కొండే ఎక్కాలి, ఈ కోమా కొండ ఫోటో పెడితే ఎవరు గుర్తుపడతారంటారు. ఫుజీ పొద్దున పోయి సాయంత్రం వచ్చేది కాదని నేను నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను. ఆ తర్వాత వదినకి మంగళవారం అడ్డొచ్చింది. బుధవారానికి మార్చాను. అప్పుడు తిండి. అక్కడ ప్రతి దాంట్లోనూ చేపనీళ్ళు పోస్తారట, కాబట్టి రైస్ కుక్కర్ మోసుకుపోదామని వదిన పట్టు. మూడువేల మీటర్ల మీద ప్లగ్గు ఎక్కడుంటుంది వదినా అంటే, హోటల్లో వండుకుని వెళ్దామంది. హోటల్లో వండితే పొగ అలారం మోగుతుంది కదా అంటే, మైక్రోవేవ్ ఉప్మా తెస్తానంది. ఇన్ని మాటల్లో కొండ ఎలా ఎక్కాలన్న మాట ఒక్కరూ ఎత్తలేదు. ఏ బూట్లు కావాలి, పైన ఎంత చలి ఉంటుంది, ఆఖరి రోప్‌వే ఎన్నింటికి అని చదివి చెప్పబోతే, పక్కగదిలోంచి తన ల్యాప్‌టాప్‌లో కాల్‌కి వచ్చే మా ఆయన మ్యూట్‌లో పెట్టుకుని ఆఫీస్ మెయిల్ చూసుకునేవారు.

ఇవన్నీ ఎలాగో దాటాం. అప్పుడు సామాన్లు వచ్చాయి.

కొండెక్కే రోజునే టోక్యో హోటల్ ఖాళీ చేసి, రాత్రికి ఇంకో ఊరు చేరాలి. ఇండియాకి పోయే జనం కదా, మనిషికి రెండేసి పెద్ద సూట్‌కేసులు. బంధువులందరికీ చాక్లెట్లు, విటమిన్ సీసాలు, ఎవరి మేనకోడలికో ల్యాప్‌టాప్. జపాన్‌లో ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కి సూట్‌కేసులు పంపించే కొరియర్లు ఉన్నాయి, అక్కడివాళ్ళే అలా పంపుకుంటారు. ఆ మాట చెప్పి ఒప్పించడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఒప్పుకున్నారు. హమ్మయ్య అనుకుని ఫోన్ పెట్టేయబోతుంటే మా ఆయన మ్యూట్ తీశారు.

"మరి ఫైలో?" అన్నారు.

అందరి మొహాలూ ఒక్కసారిగా మారిపోయాయి. ఫైలంటే స్టాంపింగ్ ఫైలు. అప్రూవల్ నోటీసులు, కంపెనీ లెటర్లు, డిగ్రీలు, పెళ్ళి సర్టిఫికెట్, అన్నీ ఒరిజినల్స్. ఇరవై ఏళ్ళు ఇక్కడ ఉన్నామనడానికి మా దగ్గర ఉన్నదంతా ఆ ప్లాస్టిక్ ఫోల్డర్‌లోనే ఉంది. వాళ్ళకీ అలాంటిదే ఒకటుంది. గ్రీన్ కార్డు వరుసలో నిలబడ్డవాళ్ళెవరికీ ఆ ఫైలు సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇల్లు కాలిపోతుంటే మేము ముందు దాన్నే పట్టుకుని బయటికి పరిగెడతాం. దాన్ని కొరియర్‌లో వేసే మాటే లేదు. లాకర్‌లో పెట్టడానికి మా ఆయనకి ధైర్యం చాలదు. కొత్త హోటల్‌కి అప్పటికింకా చేరం. పైకి తీసుకెళ్తే గాలి, వాన. కాబట్టి రోప్‌వే స్టేషన్‌లో కాఫీ దొరికే చోట ఎవరో ఒకరు రెండు ఫైళ్ళూ పెట్టుకుని కూర్చోవాలి. అంతా అక్కడికి వచ్చి ఆగింది. స్క్రీన్ మీద ఎవరూ నా వంక చూడలేదు. ఎవరి పేరూ చెప్పలేదు కూడా. చెప్పాల్సిన అవసరమేముంది?

అప్పుడు పక్కన కూర్చున్న మా అమ్మాయి నాకు సాయం చేస్తున్నాననుకుని అంది. పదిహేనేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది.

"ఇట్స్ ఫైన్ నాన్నా. అమ్మకి బ్యాగ్స్ దగ్గర కూర్చోడం ఇష్టం."

వెటకారం కాదు. నిజంగానే అలా అనుకుంటోంది. పుట్టినప్పటి నుంచీ చూసిందదే మరి. కొందరికి పాటలిష్టం, కొందరికి తోటపని ఇష్టం, మా అమ్మకి సామాన్ల పక్కన కూర్చోవడం ఇష్టం. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్లమీద కోపం తెచ్చుకోలేను. వాళ్ళ నాన్న మీద మాత్రం పీకలదాకా వచ్చింది. ఆయన అది కాదని అనలేదు. ఆయన కూడా ఇన్నేళ్ళూ అదే అనుకుంటున్నారని అప్పుడర్థమైంది.

"ఇష్టం లేదు," అన్నాను. "ఎప్పుడూ లేదు. ఫైల్ దగ్గర నేనుండను. ఫైలే నా దగ్గర ఉంటుంది. నాతోపాటు పైకి వస్తుంది."

మా ఆయన వాన పడితే ఎలా అన్నారు. జిప్‌లాక్ కవర్లున్నాయన్నాను. జారి పడితే ఎలా అన్నారు. నేను పడితే అని అడుగుతారేమోనని చూశాను. కాదు, ఫైలు గురించే. ఆయన తప్పు కూడా కాదేమో, ఆ ఫైలు మమ్మల్నలా తయారుచేసింది. కానీ అప్పుడు మాత్రం అంత సహనం నాకు లేదు. కొండ ఉంటే ఇలా ఉంటుంది, లేకపోతే టోక్యోలో మీరందరూ తిరగండి, నేను ఎయిర్‌పోర్టులోనే సామాన్ల పక్కన ఐదు రోజులూ పడుకుంటాను అనేశాను.

చివరికి అన్నయ్యగారే అందుకున్నారు.

"చెల్లెమ్మ చెప్పింది కరెక్టేరా. ఎట్లయినా ఆ ఫైలు ఏడుంటే మనం గాడనే ఉంటున్నం. గా ఫైలు పైకి పోతే అందరం పైకి పోవుడే."

వదిన పకపకా నవ్వింది. మా ఆయన నవ్వలేదు. సరే, కానీ నువ్వు అంత ఎక్కగలవో లేదో ముందు ఇక్కడ చూసుకోవాలి కదా అన్నారు. మిగతావాళ్ళెవరికీ లేని పరీక్ష నాకొక్కదానికే పెట్టారు. పళ్ళు బిగబట్టి ఒప్పుకున్నాను.

ఆ శనివారం మా ఊరికి దగ్గర్లో ఉన్న కొండకి వెళ్ళాం. ప్రాక్టీస్‌కి ఒరిజినల్స్ ఎందుకని మా ఆయన జిరాక్సు సెట్టు ఇచ్చారు. దాన్నే బ్యాగులో సర్దుకుని వీపున తగిలించుకున్నాను. దేవదారు చెట్ల మధ్య దారి అలా మెలికలు తిరుగుతూ పోతూనే ఉంది. రొప్పుతూ, ఆగుతూ, ఆగినప్పుడల్లా ఇంకెవరి కంటా పడకుండా మోకాలు రుద్దుకుంటూ ఎక్కాను. మా ఆయనకి ఫోన్ వచ్చి దారిలో ఆగిపోయారు. నేనూ మా అమ్మాయీ పైకి చేరాం.

పైన చెట్లయిపోయి, ముందుకి పొడుచుకొచ్చిన పెద్ద బండ ఉంది. దాని అంచుకి పోతే కింద చెరువు కనబడుతుందట. అంచు దగ్గర గాలి గట్టిగా ఉంది. మా అమ్మాయి చెయ్యి చాపింది.

"బ్యాగ్ నాకిచ్చెయ్ అమ్మా. నేను ఇక్కడ ఉంటా. నువ్వు వెళ్ళి చూడు."

భుజాల మీంచి దాన్ని తీయడానికి వెంటనే నాకు చెయ్యి రాలేదు. ఇచ్చాను. ఉత్త చేతులతో బండ మీద నడుచుకుంటూ వెళ్ళాను. చెరువు పచ్చగా, ఎంతో కిందన ఉంది. దాని మీద మబ్బు నీడ కదులుతోంది. ఫోన్‌లో కాదు, నా కళ్ళతో చూశాను. జపాన్‌లో ఆ కొండ ఎక్కడం నా వల్ల అవుతుందని అప్పుడు నమ్మకం కుదిరింది.

పిల్లకి చెయ్యి ఊపుదామని వెనక్కి తిరిగాను. చిన్న రాయి మీద కూర్చుంది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది, పట్టీ చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. ఫోన్ కూడా తీయలేదు. ఎవరో వాళ్ళ నీళ్ళ సీసాలు కూడా దాని పక్కన పెట్టి పోయారు, వాటినీ చూసుకుంటోంది.

గబగబా వెనక్కి వెళ్ళాను. "లే. నువ్వూ రా," అన్నాను.

"మరి బ్యాగ్?" అంది.

"ఉండనీ," అన్నాను, దాని చెయ్యి పట్టుకుని లేపుతూ.