ఎడమచేతి ఉంగరం వేలు

ఏళ్ళుగా నా ఎడమచేతి ఉంగరం వేలు బరువుగా ఉంటోంది. వాపు లేదు. నొప్పి లేదు. బియ్యం కడుగుతుంటే బరువు, దీపం వెలిగిస్తుంటే బరువు. డాక్టరుకి చూపించి ఫీజు దండగ చేసుకోలేదు, ఎందుకంటే ఆ బరువేమిటో నాకు తెలుసు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నా ముఖం చూడరు కాబట్టి మీకు చెబుతున్నాను.

పెళ్ళయి శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీవాళ్ళ ఊరు, బిర్సానగర్ వచ్చినదాన్ని. చదువు రెండో తరగతి. అయినా కూడబలుక్కుని రాయడం, సంతకం నేర్చుకున్నాను, ఎక్కడా వేలిముద్ర వెయ్యనని పంతం పట్టాను. బూడిదతో గిన్నెలు తోమి తోమి నా బొటనవేళ్ళు ఎంత అరిగాయంటే రేషన్ షాపు మెషీన్ కూడా వాటిని గుర్తుపట్టదు.

నా మనవరాలు పద్మ దగ్గర్లోని గమ్హరియాలో ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేది. ఊళ్ళో ఉన్న నా చెల్లెలితో మాట్లాడుకుంటానని, తన ఫోనుకి నా వేలు నేర్పడానికి ఓ ఆదివారం కూర్చుంది. ఒక్కో వేలూ పెట్టించింది. ఫోను దేన్నీ ఒప్పుకోలేదు. చివరికి ఎడమచేతి ఉంగరం వేలికి తెరుచుకుంది. ఎంత మురిసిపోయానో!

పద్మతో పాటు సుమిత్ర అనే అమ్మాయి పనిచేసేది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా కాగితం పొట్లంలో మరమరాలు తెచ్చేది. ఆ కాగితాలు పారెయ్యకుండా మడిచి దాచేదాన్ని. వాళ్ళ ఫ్యాక్టరీలో ప్రెస్సు మెషీన్‌కి ఉండాల్సిన అడ్డు జాలీ తీసేసి పని చేయించారు. ఒకామె చెయ్యి నలిగిపోయింది. సుమిత్ర ఆ మెషీన్‌ని వీడియో తీసి పద్మకి పంపింది. పద్మ దాన్ని నలుగురికీ పంపింది. ఫ్యాక్టరీ గుట్టు బయటపెట్టారని యజమాని కేసు పెట్టాడు. పోలీసులు పద్మను తీసుకుపోయారు. ఎవరు తీశారని అడిగితే చెప్పలేదు. ఫోను తెరవమంటే తెరవలేదు.

ఆ మధ్యాహ్నం నాకిప్పటికీ కలలాగే ఉంటుంది. వాన అప్పుడే వెలిసింది. ఎదురింటి రేకుల మీంచి ఆవిరి లేస్తోంది. వీధంతా ఆ ఆవిరిలో తేలుతున్నట్టుంది, ఎక్కడా చప్పుడు లేదు. గుమ్మంలో ఒక పోలీసు, చేతిలో పద్మ ఫోను. హిందీలో అరుస్తాడనుకున్నాను. అతను వంగి బూట్లు విప్పాడు.

"ఏటి మామ్మా, అలగ కూకుండిపోనావు? బువ్వ తిన్నావా?"

ఇన్నేళ్ళలో ఖాకీ బట్టల్లోంచి మా ఊరి యాస వినడం అదే మొదలు. నా మనవరాలే తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది.

"మీదే ఊరు బాబూ? టీ ఇత్తాను గానీ పంచదార ఒక్క సెంచాయే."

"సాలు మామ్మా. మా మామ్మ అదీ ఏసేది కాదు. మాది టెక్కలి పక్కన."

"మా పిల్లనేటి సేత్తారు?"

"ఏటీ సెయ్యం. ఈ పోను తెరుచుకుంటే సీకటి పడకముందే తెచ్చి ఒగ్గేత్తాం. పోను కంపినీవోళ్ళని ఎంత అడిగినా తెరవరు మామ్మా. నెలలు పడతాది. అందాక పిల్ల అక్కడే."

"మరెలగ?"

"ఇంట్లో ఎవరికైనా తెలుసేటో అని వచ్చాను. మా మామ్మ లాటిదానివి, నాకాడ దాపరికమేటి?"

నేను చెయ్యి కొంగుకి తుడుచుకున్నాను. వేలు చాపాను.

నా వేలు దాన్ని తెరిచింది. కాదు, అతని 'ఏటి' నన్ను తెరిచింది. అతను హిందీలో బెదిరించి ఉంటే నోరు మెదిపేదాన్నా? అతను టీ పూర్తిగా తాగాడు. గ్లాసు తనే కడిగి బోర్లించాడు.

సాయంత్రానికి పద్మ ఇంటికి వచ్చింది. మర్నాడు పొద్దున్న సుమిత్రను తీసుకుపోయారు. కొన్నాళ్ళకి బయటకి వచ్చిందిగానీ, పని పోయింది. మళ్ళీ ఏ ఫ్యాక్టరీ గేటూ ఆమెని లోపలికి రానివ్వలేదు. చంటిబిడ్డను ఎత్తుకుని తన ఊరు వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మా ఇంటికి రాలేదు.

"కంపెనీ నే ధోఖా దియా, మామ్మా," అని ఏడ్చింది పద్మ. ఫోను తయారుచేసిన కంపెనీయే మోసం చేసి పోలీసులకి తెరిచి ఇచ్చిందని దాని నమ్మకం. ఇప్పటికీ అదే అంటుంది. పోలీసులు అడిగితే కంపెనీలు తెరవాల్సిందే, లేకపోతే దొంగలెలా దొరుకుతారని నా కొడుకు వాదిస్తాడు. ఒకరికి తెరిస్తే అందరికీ తెరిచినట్టేనని పద్మ కంచం ముందు నుంచి లేచిపోతుంది. నేను చారు పోస్తూ ఉంటాను. పద్మదే న్యాయమని నాకు తెలుసు. ఒక తియ్యని మాటకి తెరుచుకున్నది ఏ మాటకైనా తెరుచుకుంటుంది. పద్మ ముఖమైనా చూడని ఆ కంపెనీవాళ్ళు దాని తాళం కాపాడారు. ఎత్తి పెంచిన నేను కాపాడలేదు. వాళ్ళ మీద పడ్డ నిందని ఇన్నేళ్ళూ పడనిచ్చాను.

అప్పుడప్పుడు కలలో బిర్సానగర్ వీధుల్లో నడుస్తుంటాను. నా వేలు తగిలిన తలుపల్లా తెరుచుకుంటుంది. లోపల ఆడవాళ్ళు ఉలిక్కిపడి పైట సర్దుకుంటారు. చివరి ఇంట్లో సుమిత్ర మరమరాల పొట్లం చాపుతుంది. తీసుకోవడానికి నాకు చెయ్యి రాదు.

ఆ రోజు మళ్ళీ వస్తే ఏం చేస్తాను? పద్మ అక్కడ, ఫోను ఇక్కడ. నిజం చెప్పాలంటే, మళ్ళీ చాపుతానేమో. అందుకే క్షమించమని అడగడం లేదు.

మొన్న పద్మ కొత్త ఫోను కొనుక్కుంది. "ఉంగ్లీ దో నా, మామ్మా," అని వేలు కోసం నా ఎడమచెయ్యి పట్టుకుంది. అది అరిగిపోయిందని, ఇక పనిచెయ్యదని అబద్ధం చెప్పి చెయ్యి వెనక్కి లాక్కున్నాను. పద్మ నవ్వింది. ఆ నవ్వు చూశాకే, ఇది రాయడానికి దాచిన పొట్లం కాగితం వెతుక్కున్నాను. కంపెనీ కాదు. నేనే.

నా సంతకం చూస్తే పద్మ గుర్తుపడుతుంది. అందుకని పెన్ను సిరా పూసి, పంతం విడిచి, కింద ఆ వేలే వేస్తున్నాను. ముద్ర స్పష్టంగానే పడింది.