సగం కత్తిరించిన తల

మాటా తెలివీ అందరిలా ఎదగని పెద్దవాళ్ళుండే హోం అది. నెలకోసారి వచ్చి వాళ్ళ జుట్టు కత్తిరించే మనిషిని అందరూ కత్తెర బాబాయ్ అనేవారు. అరగంటలో ముగ్గురి పని ముగించే చెయ్యి ఆయనది. ఒక్కరి దగ్గరే ఆ చెయ్యి ఆడేది కాదు.

అతనికి నలభై దాటాయి, మాట రాదు. సిబ్బంది పెట్టిన పేరు ‘కొరుకుడు’. నలుగురు ఒడిసిపట్టుకుంటే తప్ప తలమీద కత్తెర పడేది కాదు. రిజిస్టర్‌లో ప్రతిసారీ ఒకటే వాక్యం: కారణం లేకుండా దాడి చేశాడు.

కారణం వంటామె చెప్పింది. ఇంతకుముందున్న చోట చిన్నప్పుడు అతన్ని దుప్పటితో మంచానికి కట్టేసేవాళ్ళట, మెడ వెనక ముడేసి. బాబాయ్ తన చేతిలోని గుడ్డ వంక చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ దాన్ని మెడకు చుట్టి వెనక ముడేస్తున్నది తనే.

ఆ రోజుతో గుడ్డ మానేశాడు, వెనక నిలబడడం మానేశాడు. ఎవరూ పిలవకపోయినా వారం వారం వచ్చి, ఎదురుగా నేలమీద కూర్చుని, ముందు తన జుట్టే కాస్త కత్తిరించుకుని చూపించేవాడు. అతను తల వంచితే ఒక కుచ్చు. పక్కకు తిప్పుకుంటే ఆ రోజుకు పని అయినట్టే.

నీ వేగానికి వెనక తెగేసరికి ముందు మళ్ళీ పెరుగుతుందని వాచ్‌మన్ ఆటపట్టిస్తే, పెరగనీవయ్యా, నాకేం బస్సు పోతోందా అనేవాడు. ఏడో వారం అతనే వచ్చి బాబాయ్ ఎదురుగా కూర్చున్నాడు.

మర్నాడు తనిఖీ ఉందనగా హోం నడిపే మేడమ్ అతని తల చూసింది. ఒక పక్క గుబురు, ఒక పక్క బోడి. ఎవరూ పట్టించుకోవడం లేదనుకుంటారు, ఇవాళే పూర్తిచెయ్యమంది. బాబాయ్ రెండు వారాలు గడువడిగాడు. కాదంటే వేరేవాణ్ణి పిలిపిస్తానని, వచ్చినవాణ్ణి గానీ ఇతను కొరికితే, ఇతన్ని తాళాలేసే ఆసుపత్రికి పంపక తప్పదని అంది.

“నువ్వైతే కాస్త మెల్లగా చేస్తావు కదా బాబాయ్.”

ఆయనా అదే అనుకున్నాడు. నలుగురూ అతన్ని ఒక పక్కకు పడుకోబెట్టి, చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. మిషన్ నడిపింది బాబాయే. ఆరు నిమిషాలు. అతను ఈసారి అరవలేదు, కొరకలేదు. బాబాయ్ ముఖం వంకే చూస్తూ ఉండిపోయాడు.

తనిఖీకి వచ్చినవాళ్ళు తలలు శుభ్రంగా ఉన్నాయని రాసుకుపోయారు. ఆ ఆరు నిమిషాలు రాయడానికి వాళ్ళ ఫారంలో గడి లేదు. బుద్ధిగా ఉన్నాడని మనం మెచ్చుకునే మనిషి ఎక్కడ ఓడిపోయాడో అడిగే గడి ఏ ఫారంలోనూ ఉండదు.

ఆ మరుసటి వారం బాబాయ్ వట్టి చేతులతో వచ్చి నేలమీద కూర్చున్నాడు. అతను ఆయన్ని చూశాడు. మెల్లగా పక్కకు ఒత్తిగిలి పడుకుని, చేతులు రెండూ తనే వెనక్కి పెట్టుకున్నాడు.

“చూశావా, ఎంత మారాడో,” అంది మేడమ్ గుమ్మంలోంచి, నిజంగానే సంతోషపడుతూ.

“లే తమ్ముడూ,” అన్నాడు బాబాయ్. “ఇవాళ ఏమీ కత్తిరించను. లే.”

అతను లేవలేదు.