ఇటలీ దాక పోయి తెచ్చిన పేరు

మొన్న తాండూర్ల మా తమ్ముని బిడ్డకు తొట్టెల చేసిన్రు. ఆడికెళ్లి ఇంటికొచ్చి మూడు దినాలైంది, నేను ఇంకా తేరుకోలే.

పేరు పెట్టేది మేనత్తనే కదా! ఇరవై దినాలు రెండు దిక్కులకెళ్లి ఫోన్లు. నాయినకేమో చచ్చిపోయిన మా నానమ్మ పేరు, రత్నమ్మ అని పెట్టాలె. వాళ్లమ్మ పేరు ఇంట్ల మళ్ల వినవడాలె అని ఒక్కటే పోరు. మా మరదలు శిరీషకేమో ఆ పేరంటేనే గుబులు. స్కూల్ల పిల్లలు నవ్వుతరట. "వదినా, నీ కాల్మొక్త, అదొక్కటి వద్దు" అన్నది. సరే అని మాటిచ్చిన. నాయినకు గూడ చూస్త తియ్ అన్న. ఎవ్వలకైనా కాదని చెప్పుడు నాకు రాదు, అదే నా ఖర్మ.

చూస్త చూస్త అంటనే ఇరవై ఒకటో దినం రానే వచ్చింది. వికారాబాద్‌ల రైలెక్కినంక ఫోన్ల పేర్లు దేవులాడిన. మన పేర్లన్నీ చుట్టాలల్ల ఎవరో ఒకలకు ఉండనే ఉన్నయ్. ఆఖరికి ఇటలీ పేర్లల్ల ఒకటి దొరికింది, జెమ్మ. చిన్నగ, ముద్దుగ ఉంది. మనోళ్లల్ల ఎవ్వలకు లేదు, ఇగ లొల్లే ఉండదనుకున్న. అర్థం చూద్దామని నొక్కితే ధారూర్ కాడ సిగ్నల్ పోయింది. ఇటలీవోళ్లు మాత్రం పిల్లలకు చెడ్డపేర్లు పెట్టుకుంటరా అని ఫోన్ సంచిల వేసి కన్నుమూసిన.

తొట్టెల కాడ బిడ్డ చెవుల మూడుసార్లు చెప్పిన. శిరీష మస్తు ఖుషీ అయింది. నాయిన పోయి మూలకు కూసున్నడు. గప్పుడే మా చిన్నమ్మ అడిగింది, గా పేరుకు అర్థమేంది అని. తమ్ముని ఇంట్ల వైఫై ఉండె. నేను గొంతు సవరిచ్చుకొని, అందరికీ వినవడేటట్టు చదివిన. ఇటలీ పేరట. లాటిన్ మాటకెళ్లి వచ్చిందట. అర్థం, రత్నం!

నాయిన లేచొచ్చి నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. కండ్ల నిండ నీళ్లు.

"మా అమ్మ పేరే పెట్టినవ్ బిడ్డా. ఇంత తెలివి ఎక్కడిదే నీకు?"

శిరీష నా దిక్కు చూసింది. "నువ్వు ఇంత తెలివిగల్లదానివని నాకు తెల్వకపాయె వదినా" అని బిడ్డనెత్తుకొని లోపలికి పోయింది. అప్పటిసంది ఫోన్ ఎత్తుతలేదు.

సిగ్నల్ లేకుండెనని ఆడికెళ్లి బయల్దేరకముందే ఇద్దరికీ ఒట్టేసి చెప్పిన. నలభై ఏండ్ల సంది ఈ ఇంట్ల నన్ను తెలివిగల్లదన్నోళ్లు ఒక్కలు లేరు. ఇప్పుడు ఇద్దరూ అంటున్నరు. కాదు మొర్రో అంటే ఒక్కలు నమ్ముతలేరు.